ముసురు చూసి లెక్క కట్టండి: కరెంటు లేని తోటలో సోలార్ కెమెరా

జీడి పిక్కలు రాలేది మార్చి నుంచి మే దాకా. తోటకి కాపలా కావాల్సిందీ అప్పుడే, కాబట్టి కెమెరా బిగించేదీ అప్పుడే. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, కవిటి తోటల్లో ఆ రోజుల్లో ఎండకి కొదవ ఉండదు. చిన్న ప్యానెలు, చిన్న బ్యాటరీతోనైనా బండి నడిచిపోతుంది. అక్టోబరులో అల్పపీడనం పట్టి మూడు రోజులు ముసురు కమ్మితే రెండో రాత్రికే కెమెరా కన్ను మూస్తుంది. వెంటనే కెమెరా మార్చేస్తారు. కొత్తదీ అలాగే ఆగిపోతుంది. ఎందుకంటే తప్పు మే నెల ఎండ చూసి కట్టిన లెక్కలో ఉంది.

ఇక్కడ చెప్పే పద్ధతి ఈ ఉద్దానం తోటల కోసం, అంటే శ్రీకాకుళం జిల్లా తీరపు జీడి, కొబ్బరి తోటల కోసం. టెక్కలి గ్రానైటు క్వారీకైనా, వంశధార, నాగావళి గట్టు మీద మోటారు షెడ్డుకైనా, విజయనగరం మామిడి తోటకైనా లెక్క ఇదే. రొయ్యల చెరువు సంగతి వేరు. ఏరియేటర్లకి ఎలాగూ కరెంటు ఉంటుంది గనక అక్కడ సోలార్ దండగ, కెమెరాకి చిన్న బ్యాకప్ బ్యాటరీ చాలు.

ముందు చోటు, తర్వాతే సామాను

అయిదెకరాల తోట మొత్తం ఒక్క కెమెరాలో కనబడాలని అందరూ అడుగుతారు. కనబడుతుంది, మనిషి చీమంత. ముఖం ఆనవాలు పట్టాలంటే దృశ్యంలో ఒక మీటరు వెడల్పుకి 250 పిక్సెళ్ళు కావాలి. తెలిసినవాణ్ణి గుర్తుపట్టడానికి 125 చాలు. నాలుగు మెగాపిక్సెళ్ళ కెమెరాలో అడ్డంగా 2560 పిక్సెళ్ళుంటాయి. అంటే ముఖం కావాలంటే చట్రంలో పది మీటర్ల వెడల్పు మించకూడదు. 4 మి.మీ. లెన్సుకి ఆ వెడల్పు ఆరు మీటర్ల దూరంలోనే వచ్చేస్తుంది. 12 మి.మీ. లెన్సు వేస్తే ఇరవై మీటర్ల అవతల మనిషినీ పట్టొచ్చు గానీ పక్కన ఏం జరుగుతోందో కనబడదు.

బస్తా పిక్కలు 80 కిలోలు. దొంగిలించినవాడు వాటిని నెత్తిన పెట్టుకుని తుప్పల్లో పడి పోడు, ఆటోనో బండో తెస్తాడు. అందుకని కెమెరా చూడాల్సింది బండి తిరిగే బాట, గెడ్డ దాటే చోటు, కల్లం. ఒకటి 12 మి.మీ. లెన్సుతో బాట మీదికి, ఇంకొకటి 4 మి.మీ. లెన్సుతో కల్లం మీదికి పెడితే సరిపోతుంది. ఎత్తు మూడున్నర నుంచి నాలుగు మీటర్లు. ఇంకా పైకి కడితే టోపీలు, తలపాగాలే కనిపిస్తాయి. తూర్పు పడమరలకి తిప్పకండి, పొద్దున్నా సాయంత్రం ఎండ లెన్సులో కొడుతుంది. వీలుంటే ఉత్తరం వైపు చూసేలా పెట్టండి. పక్కవాళ్ళ ఇల్లు, ఆడవాళ్ళు స్నానానికి వెళ్ళే రేవు చట్రంలోకి రాకూడదు. తప్పనిసరైతే సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ ఉంటుంది, ఆ భాగాన్ని నల్లగా కప్పేయండి.

లెక్క

రెండు కెమెరాలు, ఒక 4జీ రౌటరు, ఒక పీఓఈ స్విచ్చు (నెట్‌వర్క్ కేబుల్లోనే కెమెరాకి కరెంటూ పంపేది) అనుకుందాం. కెమెరా పగలు 4 వాట్లు తింటుంది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగాక 7 వాట్లు. డబ్బా మీద రాసింది కాకుండా రాత్రి పూట మీటరు పెట్టి చూసిన అంకె తీసుకోండి.

కెమెరాలు: (4 × 12 + 7 × 12) × 2 = 264 వాట్-అవర్లు (ఒక వాటు గంటసేపు తింటే ఒక వాట్-అవర్)
రౌటరు: 5 × 24 = 120
స్విచ్చు సొంత ఖర్చు: 2 × 24 = 48
మొత్తం 432. వైర్లలో, కన్వర్టరులో పోయేది 15 శాతం కలిపితే రోజుకి దాదాపు 500.

మూడు రోజులు ఎండ మొహం చూడకపోయినా నడవాలంటే 1500 వాట్-అవర్లు నిల్వ కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం వాడుకోవచ్చు: 1500 ÷ 0.8 = 1875. దాన్ని 12.8 ఓల్టులతో భాగిస్తే 146. కాబట్టి 150 ఏహెచ్ (యాంపియర్-అవర్ల) బ్యాటరీ. ఇన్వర్టర్లకి వాడే ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీ అయితే సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గిపోతుంది. 1500 ÷ 0.5 ÷ 12 = 250 ఏహెచ్ కావాలి, అంటే 150వి రెండు. ఒక్కోటి యాభై కిలోల పైమాటే, పైగా డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి. కొనేటప్పుడు ట్యూబులర్ చౌకగానే కనిపిస్తుంది. కానీ దాన్ని స్తంభం మీదికి ఎక్కించలేరు. నేల మీద పెడితే గెడ్డ పొంగినప్పుడు నీళ్ళు, మిగతా రోజుల్లో దొంగలు. లిథియమే మేలు.

ఇక ప్యానెలు. ముసురు పోయాక అది రోజు ఖర్చు తీర్చడంతో పాటు ఖాళీ అయిన బ్యాటరీనీ నాలుగు రోజుల్లో నింపాలి. అంటే రోజుకి 500 + 375 = 875 వాట్-అవర్లు. ఆ సమయంలో రోజుకి నాలుగున్నర గంటల నిండు ఎండ, దుమ్ము, వేడి, వైర్ల నష్టాలు పోను 70 శాతం చేతికొస్తుందనుకుంటే 875 ÷ (4.5 × 0.7) = 278. కాబట్టి 165 వాట్ల ప్యానెళ్ళు రెండు. అలాంటి రెండు ప్యానెళ్ళిచ్చే 330 వాట్లని 12.8తో భాగిస్తే దాదాపు 26 యాంపియర్లు, కనుక ప్యానెలు నుంచి బ్యాటరీకి చార్జింగు చూసుకునే 30 యాంపియర్ల ఎమ్‌పీపీటీ కంట్రోలర్. చౌకలో దొరికే పీడబ్ల్యూఎమ్ కంట్రోలర్ ప్యానెలు ఓల్టేజీని బ్యాటరీ ఓల్టేజీకి లాగేస్తుంది. 18 ఓల్టుల దగ్గర పనిచేయాల్సిన ప్యానెలు 13 దగ్గర పనిచేస్తుంది, పావు వంతు అక్కడే పోతుంది. ముసురులో ఆ పావు వంతే ప్రాణం.

ఒకే ఒక్క 4జీ కెమెరా చాలు అనుకునేవారికి: రోజుకి 150 వాట్-అవర్లు, 50 ఏహెచ్ లిథియం బ్యాటరీ, 100 వాట్ల ప్యానెలు. లెక్క అదే.

ఆన్‌లైనులో దొరికే ‘ఆల్ ఇన్ వన్’ సోలార్ కెమెరాలు వేరే జాతి. అరచేతి ప్యానెలు, లోపల నాలుగు చిన్న సెల్లులు. ఎప్పుడూ నిద్రపోతూ ఉంటాయి. ఒంటి వేడిని పసిగట్టే పీఐఆర్ సెన్సారు లేపితే లేస్తాయి, లేచేసరికి ఒకటి రెండు సెకన్లు పోతాయి. పరిధి ఎనిమిది పది మీటర్లు. మే నెల సాయంత్రం గాలి వేడి మనిషి ఒంటి వేడికి దగ్గరగా ఉంటుంది గనక సెన్సారుకి తేడా తెలియదు. పిక్కలు పోయే కాలంలోనే దానికి చూపు మందగిస్తుంది. గుమ్మానికైతే పరవాలేదు, తోటకి పనికిరాదు.

ప్యానెలు, నీడ, గాలి

మన అక్షాంశం 18 – 19 డిగ్రీలు. ప్యానెలు దక్షిణం వైపు 20 నుంచి 25 డిగ్రీల వాలుతో పెట్టండి. అక్టోబరు నుంచి జనవరి దాకా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. మనకి కష్టకాలం అక్కడే మొదలవుతుంది గనక వాలు ఆ నెలలకి తగ్గట్టుండాలి. ఆ వాలుకి వాన దుమ్మునీ కడిగేస్తుంది.

నీడని డిసెంబరు లెక్కతో చూడాలి. ఆ నెలలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పది మీటర్ల చెట్టు నీడ తొమ్మిది మీటర్లు పడుతుంది. తొమ్మిదింటికీ మూడింటికీ ఇంకా పొడుగు. దక్షిణాన ఉన్న చెట్టు ఎత్తుకి రెట్టింపు దూరం వదలండి. ఒక్క కొబ్బరి మట్ట నీడే కదా అనుకోవద్దు. సెల్లులు వరసగా కలిపి ఉంటాయి, ఒక వరస మీద నీడ పడితే ప్యానెల్లో పెద్ద భాగమే ఆగిపోతుంది. మే నడిమి నుంచి జూలై ఆఖరి దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరాన ఉంటాడన్నదీ గుర్తుంచుకోండి. స్తంభం కొస, కెమెరా బ్రాకెట్టు ప్యానెలు మీదికి పొడుచుకొచ్చి ఉంటే ఆ నెలల్లో వాటి నీడే పడుతుంది.

స్తంభం: నాలుగంగుళాల జీఐ పైపు, మీడియం రకం, ఆరు మీటర్లు. 1.2 మీటర్లు కాంక్రీటులోకి. గుంత 60 × 60 సెం.మీ., లోతు 1.3 మీటర్లు, 1:1.5:3 పాళ్ళ కాంక్రీటుకి నాలుగు బస్తాల సిమెంటు పడుతుంది. ఉద్దానం ఇసుక నేలలో గుంత 75 × 75 చేయాలి, ఆరు బస్తాలు. ఏడు రోజులు తడిపాకే బరువు ఎక్కించండి.

గాలి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. కట్టడాల గాలి బలాలకి వాడే ఐఎస్ 875 ప్రమాణంలో విశాఖపట్నానికి మూల వేగం సెకనుకి 50 మీటర్లు. ఆ గాలి చదరపు మీటరుకి 150 కిలోల బరువుతో తోస్తుంది. మన రెండు ప్యానెళ్ళూ కలిపి రెండు చదరపు మీటర్లు. వాలులో ఉంది గనక పూర్తిగా ఎదురు తగలదు గానీ కింద నుంచి గొడుగులా ఎత్తేస్తుంది. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఏం చేశాయో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. పెను తుపానుకి స్తంభం నిలుస్తుందని నమ్మకండి. మూడు వైపులా స్టే వైర్లు కట్టండి. ప్యానెళ్ళని ఇద్దరు మనుషులు పది నిమిషాల్లో దించేలా నాలుగు బోల్టులతో బిగించండి. దొంగల భయానికి ఆ నాలుగింటిలో రెండు, ప్రత్యేక తాళంచెవితో విప్పే యాంటీ థెఫ్ట్ బోల్టులు వేయండి. వెల్డింగు చేసేస్తే దొంగ ఎత్తుకుపోలేడు నిజమే, తుపాను ఎత్తుకుపోతుంది.

వైరింగు

కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ కలపాలి, తర్వాత ప్యానెలు, చివర లోడు (కెమెరాలు, రౌటరు). విప్పేటప్పుడు తలకిందులు. బ్యాటరీ లేకుండా ప్యానెలు తగిలిస్తే కంట్రోలర్‌కి తాను 12 ఓల్టుల మీద ఉన్నదో 24 మీద ఉన్నదో తెలియదు. కొన్ని అక్కడికక్కడే కాలిపోతాయి.

రెండు ప్యానెళ్ళని సిరీసులో కలపండి. ఏమీ తగిలించనప్పటి ఖాళీ ఓల్టేజీ 44 దాకా వస్తుంది, కంట్రోలర్ 100 ఓల్టులు తట్టుకునేదై ఉండాలి. ప్యానెలు నుంచి 4 చదరపు మి.మీ. డీసీ సోలార్ కేబుల్. బ్యాటరీకి 10 చ.మి.మీ., జానెడు దూరంలోనే 40 యాంపియర్ల ఫ్యూజు. కంట్రోలర్‌లో బ్యాటరీ రకం లిథియం అని ఎంచి, చార్జింగు 14.4 దగ్గర, లోడు ఆపడం 12.0 దగ్గర, మళ్ళీ కలపడం 13.0 దగ్గర పెట్టండి. ఆపడానికీ కలపడానికీ మధ్య ఈ ఎడం లేకపోతే తెల్లవారుజామున కెమెరా ఆగుతూ లేస్తూ ఉంటుంది, మెమరీ కార్డు పాడవుతుంది. ట్యూబులర్ సెట్టింగు మార్చకుండా లిథియం తగిలించడం బాగా జరిగే పొరపాటు. ఈక్వలైజేషన్ (ట్యూబులర్ సెల్లులని సమం చేసే అదనపు చార్జింగు) పేరుతో కంట్రోలర్ ఓల్టేజీ పెంచగానే బ్యాటరీలోని రక్షణ సర్క్యూటు, బీఎమ్‌ఎస్, తలుపు మూసేస్తుంది.

చాలా కెమెరాలకి పన్నెండంటే పన్నెండే కావాలి, మధ్యాహ్నం బ్యాటరీ దగ్గర 14.4 ఉంటుంది. మధ్యలో 9 – 18 ఓల్టులు తీసుకుని 12 ఇచ్చే బక్-బూస్ట్ కన్వర్టరు, 5 యాంపియర్లది, పెట్టండి. పీఓఈ వాడితే 12ని 48 చేసి ఇచ్చే స్విచ్చు కొనండి. 24 ఓల్టుల పాసివ్ పీఓఈ అడాప్టరుని 48 ఓల్టుల ప్రామాణిక కెమెరాకి తగిలిస్తే అది లేవదు; తిరగేసి చేస్తే పొగ వస్తుంది.

‘పగలంతా బాగుంటుంది, చీకటి పడగానే ఆరిపోయి వెలుగుతుంది’ అన్న ఫిర్యాదుకి నూటికి తొంభై మార్లు కారణం సన్న వైరు. దీపాలు వెలగగానే కరెంటు పెరుగుతుంది, వైర్లో ఓల్టేజీ పడిపోతుంది. 15 మీటర్ల దూరానికి 0.5 చ.మి.మీ. వైరు వేసి ఒక యాంపియరు లాగితే 1.2 ఓల్టులు దారిలోనే పోతాయి. 1.5 చ.మి.మీ. వేస్తే 0.36. రాత్రి, కెమెరా చివర మల్టీమీటరు పెట్టి చూడండి. పగటి రీడింగు ఏమీ చెప్పదు. నెట్‌వర్క్ కేబుల్ కూడా అసలు రాగిదే తీసుకోండి. అల్యూమినియం తీగకి రాగి పూతేసినవి సగం ధరకి అమ్ముతారు. కత్తితో గీకితే తెల్లగా బయటపడతాయి. కొబ్బరి తోటలో ఉడుతలు కేబుల్ కొరుకుతాయి, కనుక అందే చోటల్లా జీఐ పైపులోంచి లాగండి.

బ్యాటరీ, కంట్రోలర్ పెట్టే డబ్బా ఐపీ65 (దుమ్ము, నీటి చిమ్ములు చొరని రకం) దైనా, కేబుల్ లోపలికి దూరే గ్లాండ్లు అడుగునే ఉండాలి. ప్రతి కేబులూ లోపలికి వెళ్ళే ముందు కిందికి ఒక వంపు తిరగాలి, నీళ్ళు ఆ వంపు దగ్గరే జారిపోతాయి. డబ్బాకి తెల్ల రంగు, ప్యానెలు నీడ. నేరుగా ఎండలో ఉంటే లోపల 60 డిగ్రీలు దాటుతుంది, లిథియం బ్యాటరీ చార్జింగు తీసుకోవడం మానేస్తుంది. గ్లాండు సందుల్లో డక్ట్ సీల్ ముద్ద పెట్టకపోతే చీమలు కాపురం పెడతాయి.

పిడుగులకి మూడు మీటర్ల ఎర్త్ పైపు, ప్యానెలు వైపు డీసీ సర్జ్ ప్రొటెక్టరు, నెట్‌వర్క్ కేబుల్‌కి వేరే ప్రొటెక్టరు. ఇసుక నేలలో ఎర్త్ సరిగా పట్టదు; పైపు చుట్టూ తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి పోసి, రీడింగు 10 ఓమ్‌లకి తక్కువ వచ్చేదాకా రెండో పైపు కలపండి.

సిగ్నలు

కొనేముందు తోటకి జియో, ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌లు పట్టుకెళ్ళి, నిచ్చెన ఎక్కి, కెమెరా ఉండే ఎత్తులో చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగుల్లో సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ బలం (డీబీఎమ్‌లలో) ఉంటుంది: మైనస్ 90 బాగు, మైనస్ 105 దాకా నడుస్తుంది, మైనస్ 115 అయితే బయటి యాంటెన్నా లేకుండా ఆశ వదులుకోండి. వేగం రాత్రి ఏడు తొమ్మిది మధ్య కొలవండి, అందరూ వీడియోలు చూసే వేళ. మనకి కావాల్సింది అప్‌లోడ్, నిలకడగా 2 ఎమ్‌బీపీఎస్ ఉంటే చాలు. రౌటరు ఏ బ్యాండ్లు (సిగ్నలు వచ్చే ఫ్రీక్వెన్సీలు) పట్టుకుంటుందో చూసి కొనండి. జియో 3, 5, 40. ఎయిర్‌టెల్ 1, 3, 8, 40. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ 1, 28. 28వ బ్యాండు లేని రౌటరుకి దాని టవరు పక్కనే ఉన్నా సరిగా అందకపోవచ్చు.

బయటి నుంచి నేరుగా కెమెరాకి దారి ఇచ్చే పోర్ట్ ఫార్వర్డింగ్ మొబైల్ నెట్‌లో పనిచేయదు, కంపెనీ మీ సిమ్‌కి సొంత పబ్లిక్ అడ్రసు ఇవ్వదు. కెమెరా యాప్ పీ2పీ పద్ధతి (కంపెనీ సర్వరు ద్వారా ఫోన్‌ని కెమెరాతో కలిపేది) గాని, వీపీఎన్ (నెట్ మీద సొంత రహస్య దారి) గాని వాడుకోవాలి.

డేటా కూడా లెక్కే. 2 ఎమ్‌బీపీఎస్ వీడియో రోజుకి 21.6 జీబీ, రెండు కెమెరాలకి 43. రోజుకి రెండు జీబీల ప్లానుతో ఇది ఎక్కడికీ పోదు. కాబట్టి పూర్తి రికార్డింగు కెమెరాలోని మెమరీ కార్డులోనే జరగాలి. 128 జీబీ కార్డులో 2 ఎమ్‌బీపీఎస్ అయితే దాదాపు ఆరు రోజులు, 1 ఎమ్‌బీపీఎస్ అయితే పదకొండు రోజులు నిలుస్తుంది. కార్డు మీద ‘హై ఎండ్యూరెన్స్’ అని ఉండాలి. ఫోన్లలో వేసే మామూలు కార్డు ఇరవై నాలుగ్గంటల రాతకి తట్టుకోదు. వీడియోని కుదించే పద్ధతి హెచ్.265, సెకనుకి 15 ఫ్రేములు. నెట్ మీద వెళ్ళేది మనిషి, బండి కనిపించినప్పటి ఫోటో, చిన్న క్లిప్పు మాత్రమే. లైవ్ చూసేది 512 కేబీపీఎస్ సబ్ స్ట్రీమ్‌లో (నాణ్యత తగ్గించిన రెండో వీడియోలో), గంటకి 230 ఎమ్‌బీ.

ఊళ్ళో ఇంటికి ఫైబరు ఉంటే 4జీ రౌటరు మానేసి 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ జత (ఇంటి దగ్గర ఒకటి, తోటలో ఒకటి) వేసుకోవచ్చు. కానీ మధ్యలో చెట్లు ఉండకూడదు. కిలోమీటరు దూరానికి నడిమధ్యలో ఆ రెండింటినీ కలిపే చూపు గీతకి కింద కనీసం 2.2 మీటర్లు, మూడు కిలోమీటర్లకి 3.7 మీటర్లు ఖాళీ కావాలి. జీడి చెట్టు ఎనిమిది మీటర్లనుకుంటే గీత పది దాటాలి, కొబ్బరి తోట అడ్డమైతే ఆ ఆలోచనే మానండి. జనవరిలో అందిన సిగ్నలు వాన తడిసిన ఆకుల మధ్య జూలైలో అందదు.

సెట్టింగుల్లో మర్చిపోయేవి

సమయం భారత కాలానికి, నెట్ నుంచి తనే సరిచూసుకునేలా పెట్టండి. పోలీసులకి ఇచ్చే వీడియోలో గంట తేడా ఉంటే దాని విలువ పోతుంది. రౌటరు రోజూ తెల్లవారి నాలుగింటికి తనంతట తాను ఆగి లేచేలా టైమరు పెట్టండి. 4జీ రౌటర్లకి వారానికోసారైనా మొద్దునిద్ర పట్టడం మామూలే. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డు మార్చండి. కదలిక కాకుండా ‘మనిషి, వాహనం’ మీదే అలర్టు పెట్టండి, లేకపోతే ఊగే ప్రతి కొమ్మా ఫోన్ మోగిస్తుంది. ఉద్దానంలో ఎలుగుబంట్లు తిరిగే తోటలైతే జంతువులని గుర్తించే కెమెరా చూసుకోండి. పొద్దున్నే పిక్కలేరడానికి వెళ్ళేవాళ్ళకి దొంగ కబురు కన్నా అది ముఖ్యం. సిమ్ రీచార్జి తేదీ గోడ మీద రాయండి. ఆగిపోయిన కెమెరాల్లో బోలెడు కెమెరాల జబ్బు అదే.

ఉప్పు, సాలీడు

సముద్రానికి దగ్గరున్న తోటలో బోల్టులన్నీ ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 316 రకం వేయాలి, 304 కూడా గోధుమరంగు పట్టేస్తుంది. లెన్సు గాజు పొడి గుడ్డతో తుడవొద్దు, ఉప్పు రవ్వలు గీతలు పెడతాయి. మంచినీళ్ళు పోసి కడిగి, తర్వాత మెత్తని గుడ్డ. ప్యానెళ్ళకీ అంతే: తెల్లవారగానే, చల్లగా ఉన్నప్పుడు, ఉప్పు బోరు నీళ్ళు కాకుండా. రాత్రి చిత్రంలో తెల్లటి పొగ అల్లాడుతుంటే అది మంచు కాదు, సాలెగూడు. ఇన్‌ఫ్రారెడ్ దీపానికి పురుగులు, పురుగులకి సాలీడు. వారానికోసారి పొడుగు కర్రకి చీపురు కట్టి దులపడమే మందు. దీపం లెన్సుకి దూరంగా, వేరుగా పెడితే బాధ బాగా తగ్గుతుంది.

అప్పగించే ముందు

ప్యానెలు వైరు విప్పేసి మూడు రోజులు వదిలేయండి. రోజూ తెల్లవారి ఆరింటికి కంట్రోలర్లో బ్యాటరీ శాతం రాసుకోండి. రోజుకి 26 – 27 శాతం తగ్గితే లెక్క సరిపోయినట్టు. 35 తగ్గితే ఏదో ఎక్కువ తింటోంది, లేదా బ్యాటరీ మీద రాసినంత ఏహెచ్ దాంట్లో లేదు. బిల్లు చెల్లించేది ఈ పరీక్ష తర్వాతే. మూడు రోజులయ్యాక ప్యానెలు కలిపి, ఎండలో చార్జింగు ఎన్ని యాంపియర్లు వస్తోందో చూడండి. మధ్యాహ్నం 20 పైన రావాలి.

కళింగపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని తెలిసిన రోజే, గాలి మొదలవకముందు: లోడు ఆపి, ప్యానెళ్ళు దించి, రెండిటినీ అద్దం లోపలికి ఎదురెదురుగా పెట్టి, మధ్యలో గోనెపట్టా వేసి కల్లంలో తాడుతో కట్టేయండి. విప్పిన ప్యానెలు వైర్ల కొనలకి మూతలు పెట్టండి, లేకపోతే ఉప్పు నీరు లోపలికి పోయి కనెక్టరు ఆకుపచ్చగా మారుతుంది. తర్వాత కల్లం కెమెరా, స్విచ్చు, రౌటరు వదిలేసి బాట కెమెరా ఒక్కటీ నడిచేలా దాని 12 ఓల్టుల వైరు కన్వర్టరుకి నేరుగా కలపండి. రోజుకి 150 వాట్-అవర్లే ఖర్చు గనక నిండు బ్యాటరీ పది రోజులు లాగుతుంది. ఈలోగా టవర్లు ఎలాగూ పడుకుంటాయి, రికార్డింగు కార్డులో ఉంటుంది. ఇలా చేయాలంటే ఆ కెమెరా పీఓఈతో పాటు 12 ఓల్టుల పిన్ను కూడా ఉన్నదై ఉండాలి, కొనేరోజే చూసుకోండి. గాలి తగ్గాక మొదట స్టే వైర్లు, తర్వాత పునాది చుట్టూ నేల కోసుకుపోయిందా అన్నది చూసి, అప్పుడు ప్యానెళ్ళు ఎక్కించండి: మళ్ళీ బ్యాటరీ, ప్యానెలు, లోడు, అదే వరస.